గోడ మీద 112 షార్ట్‌కట్లు

మా వీడియో మిక్సింగ్ గదిలో కొత్తగా చేరిన కుర్రవాడు మొదటి నెల జీతం అందుకోకముందే గోడకి ఒక పెద్ద పట్టిక అంటించాడు. రంగుల అచ్చు, పైన లామినేషన్. వీడియో ఎడిట్ చేసే ప్రీమియర్ ప్రో సాఫ్ట్‌వేర్‌లో పనికివచ్చే కీబోర్డు షార్ట్‌కట్లు అందులో ఉన్నాయి. ఆ సాయంత్రం ఒక పెళ్ళి ఎక్స్‌పోర్ట్ అవుతోంది. నాకు వేరే పని లేక కూర్చుని లెక్కపెట్టాను. 112.

"అన్నయ్యా, ఇవన్నీ నోటికి వచ్చేస్తే పెళ్ళి సగం రోజుల్లో తేలిపోతుంది," అన్నాడు.

పెళ్ళంటే పెళ్ళి వీడియో. ఈ పనిలో ఉన్నవాళ్ళం అందరం అలాగే అంటాం. రెండు పెళ్ళిళ్ళు చేతిలో ఉన్నాయి, ఒక ఓణీల ఫంక్షన్‌కి పాటలు వెయ్యాలి, ఒక గృహప్రవేశం హార్డ్ డిస్కులో మూలుగుతోంది. విజయనగరంలో గంటస్తంభానికి నాలుగడుగుల దూరంలో మెట్లెక్కి వెళ్ళే మేడగది మాది. కింద ఆటోల హారన్ల మోత గనుక హెడ్‌ఫోన్ లేకుండా పని సాగదు.

కుర్రవాడితో నాకు పేచీ లేదు. ఆ పట్టికతో ఉంది. అలాగని నేను మౌస్ పక్షం వాణ్ని అనుకోకండి. గంటసేపు మౌస్ ముట్టకుండా టైమ్‌లైన్ (వీడియో ముక్కలు వరుసగా పేర్చే పట్టీ) మీద పని చేయగలను, ఆ సంగతి చెప్పుకోవడం నాకు కాస్త గర్వం కూడా. షార్ట్‌కట్లతో ఎడిటింగ్ తొందరగా అవుతుందన్న మాట నిజం. ఆ తొందర ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గరే పట్టిక అచ్చువేసినవాళ్ళకీ నాకూ లెక్క కుదరదు. (ఇకమీద మీటలు అంటాను. కీలు అని రాస్తే మోకాలి నొప్పి గుర్తొస్తోంది.)

నాకు మీటలు నేర్పింది తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ ఏటి సిరిమాను (మా ఊరి అమ్మవారి పండగలో పూజారిని చివర కూర్చోబెట్టి తిప్పే పొడవాటి మాను) తిరిగి వారం కూడా కాలేదు, ఆ ఫుటేజీ అంతా నా దగ్గరే ఉంది. మా మేడగది కిటికీ రెక్క ఊడిపోయి వాన లోపలికి కొట్టింది. కంప్యూటర్‌ని ముందురోజే మూటగట్టి అటక మీద పెట్టాను గనుక బతికింది. బల్ల మీద మరిచిపోయిన మౌస్ మాత్రం నీళ్ళలో తేలింది. రోజుల తరబడి కరెంటు లేదు, దుకాణాలు తెరవలేదు. మా పెద్దమ్మగారి వీధిలో ఒకరింట్లో సాయంత్రం రెండు గంటలు జనరేటర్ వేసేవారు. లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళి, వాళ్ళ వసారాలో, ఫోన్లు ఛార్జి పెట్టుకోవడానికి వచ్చిన పదిమంది మధ్య కూర్చుని పని చేసేవాణ్ని. టచ్‌ప్యాడ్ మీద వేలు రుద్ది క్లిప్పు, అంటే వీడియో ముక్క, అంచు పట్టుకోవడం ఎలా ఉంటుందంటే, కదిలే బస్సులో సూదికి దారం ఎక్కించినట్టు ఉంటుంది. మూడో రోజుకి విసుగెత్తి పది మీటలు నేర్చుకున్నాను. ఇప్పటికీ నా పనిలో ముప్పాతిక భాగం ఆ పదితోనే జరుగుతోంది.

ఇక లెక్కకి వస్తాను, ఎందుకంటే కుర్రవాడు లెక్క చూపిస్తే తప్ప వినడు.

కంప్యూటర్ ముందు మనిషి చేసే చిన్న చిన్న పనులకి ఎంత సమయం పడుతుందో స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరన్, అలెన్ న్యూవెల్ అనే ముగ్గురు కొలిచి 1980లో ఒక నమూనా ప్రకటించారు. టైపింగ్ బాగా వచ్చినవాడు ఒక మీట నొక్కడానికి 0.2 సెకను. మౌస్‌తో తెర మీద ఒక చోటికి గురిపెట్టడానికి 1.1 సెకను. చెయ్యి మౌస్ మీద నుంచి కీబోర్డుకి మారడానికి 0.4. చేయబోయే పనికి మనసు సిద్ధం కావడానికి 1.35. ఈ చివరి అంకెను పక్కన పెట్టుకోండి, దానితో పని ఉంది.

క్లిప్పు మొదట్లో ఉన్న అక్కరలేని ముక్క తీసెయ్యాలి. మౌస్ పద్ధతిలో తెర మీద కోసే గుర్తయిన బ్లేడు దగ్గరికి వెళ్ళాలి, క్లిప్పు మీద కొయ్యాలి, తిరిగి ఎంచుకునే బాణం గుర్తు తీసుకోవాలి, అక్కరలేని ముక్కని ఎంచుకోవాలి. నాలుగుసార్లు గురి, నాలుగు క్లిక్కులు (క్లిక్కుకి కూడా మీటలాగే 0.2). ఆపైన చెయ్యి కీబోర్డుకి మారి డిలీట్ నొక్కాలి. మొత్తం 5.8 సెకన్లు. మిగిలిన ఖాళీని మూయడం ఇంకా ఇందులో కలపలేదు. ప్రీమియర్‌లో ఇదే పనికి క్యూ అన్న ఒక్క మీట ఉంది. ప్లేహెడ్‌కి (ఇప్పుడు చూస్తున్న చోటిని చూపే నిలువు గీత) ముందున్న ముక్కని కోసేసి, ఖాళీని కూడా తనే మూసేస్తుంది. 0.2 సెకను.

మా కుర్రవాడి ముఖం వెలిగింది. "చూశారా అన్నయ్యా!"

చూశాను. ఇప్పుడు ముందుకు పోనీ. ఒక పెళ్ళిలో ఇలాంటి కోతలు వెయ్యి ఉన్నాయనుకుందాం. కోతకి 5.6 సెకన్లు మిగిలితే మొత్తం 5600 సెకన్లు, అంటే గంటన్నర చిల్లర. మేము ఒక పెళ్ళికి నాలుగు రోజులు తీసుకుంటాం, రోజుకి ఎనిమిది గంటల చొప్పున 32 గంటలు. అందులో గంటన్నర ఇరవయ్యో వంతు. సగం రోజులు ఎక్కడ మిగిలాయి?

పైగా ఇది మీట వేలికి వచ్చేసినవాడి లెక్క. గోడ వైపు చూసి, 112 వరుసల్లో వెతికి, "షిఫ్టా, కంట్రోలా" అని తడుముకునేవాడి మనసు సిద్ధం కావడానికి 1.35 సెకన్లు చాలవు. గుర్తు చేసుకోవలసిన షార్ట్‌కట్ దగ్గరిదారి కాదు, చుట్టుదారి. దానికన్నా మెనూలో వెతుక్కోవడం నయం, కనీసం అక్కడ పేరు రాసి ఉంటుంది.

అయితే మిగతా రోజులన్నీ ఎక్కడికి పోతున్నాయి? చూడటానికి పోతున్నాయి. పెళ్ళికి మూడు కెమెరాలు. అన్నీ కలిపి పద్దెనిమిది గంటల ఫుటేజీ వచ్చిందంటే, కోత పెట్టకముందే పద్దెనిమిది గంటలు కూర్చుని చూడాలి. స్నాతకం నుంచి అప్పగింతల వరకూ ఎవరు ఎవరి వెనకాల నిలబడ్డారో, ఏ మేనమామ ముఖం ఎక్కడ బాగా పడిందో చూడకుండా పెళ్ళి ఎడిట్ చేస్తే, "మా అన్నయ్య ఒక్కసారైనా కనబడలేదేమిటి" అని ఫోను వస్తుంది. ఈ చూసే పని దగ్గర సమయం మిగిల్చేవి మూడే మీటలు: జె, కె, ఎల్. ఎల్ నొక్కితే నడుస్తుంది, మళ్ళీ నొక్కితే రెట్టింపు వేగం. కె నొక్కితే ఆగుతుంది. జె వెనక్కి. భోజనాల దృశ్యాలు, గుంపులు గుంపులుగా ఫోటోలు దిగే గంటలు రెట్టింపు వేగంలో హాయిగా చూడవచ్చు. కబుర్లు మాత్రం మామూలు వేగంలోనే వినాలి. సగం ఫుటేజీని రెట్టింపులో చూసినా నాలుగున్నర గంటలు మిగిలాయి. వెయ్యి కోతలు కలిసి మిగిల్చినదానికి ఇది మూడు రెట్లు దగ్గర దగ్గర. పైగా ఈ మూడు మీటలూ, మొదలు తుది గుర్తులు పెట్టే ఐ, ఓ మీటలూ ప్రీమియర్‌లోనే కాదు, మిగతా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు డావిన్చి రిజాల్వ్‌లో, ఫైనల్ కట్‌లో, ఎవిడ్‌లో కూడా ఇవే. కోసే మీట మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఒకచోట కంట్రోల్-కె, ఇంకొకచోట కంట్రోల్-బి.

కె మీట నొక్కిపట్టి ఎల్ మీటని ఒకసారి తడితే ఒక్క ఫ్రేము, అంటే వీడియోలోని ఒక్క బొమ్మ, కదులుతుంది. దీని విలువ నాకు సిరిమాను దగ్గర తెలిసింది. పైడితల్లి అమ్మవారి సిరిమాను విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట వరకూ మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. మాను చివర ఆసనంలో పూజారి. కింద నుంచి జనం అరటిపళ్ళు విసురుతారు. మేడ మీద పెట్టిన కెమెరాలో ఒక పండు పూజారి చేతికి తగలబోయే ముందు గాలిలో ఆగినట్టు కనిపించే ఫ్రేము ఒకటి ఉంటుందని నాకు తెలుసు. సెకనుకి 25 ఫ్రేములు. మౌస్‌తో ప్లేహెడ్‌ని లాగితే పండు కింద ఉంటుంది, లేదా దాటిపోయి ఉంటుంది. కె పట్టుకుని ఎల్ తడుతూ పోయాను. పండు కొబ్బరాకుల తోరణం దగ్గర, ఆ తరువాత కరెంటు తీగ మీదుగా, ఆ తరువాత చేతికి జానెడు కింద. అక్కడ ఆపాను. అంతసేపూ నేను కీబోర్డు వైపు చూడలేదు. కళ్ళు పండు మీద ఉన్నాయి.

నా వాదమంతా ఇదే. మీట వేలికి వచ్చినందువల్ల దక్కే పెద్ద లాభం, చూపు బొమ్మ మీద నుంచి కదలకపోవడం. మౌస్ వాడేవాడి చూపు ప్రతి కోతకీ బ్లేడు గుర్తు దగ్గరికి వెళ్తుంది, క్లిప్పు అంచు దగ్గరికి వస్తుంది, తిరిగి పైకి పోతుంది. ఆ అంచు తెర మీద వెంట్రుకంత మందం. గురి ఎంత చిన్నదై ఎంత దూరంగా ఉంటే చేతికి అంత ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రం కట్టాడు. అంచు దొరికేసరికి, పెళ్ళికూతురు తల ఎత్తిన క్షణంలో కొయ్యాలా, చూపు కలిసిన క్షణంలో కొయ్యాలా అన్నది మరిచిపోతాం. అప్పుడు మళ్ళీ వెనక్కి వెళ్ళి చూడాలి. నాలుగు రోజుల పనిలో అసలు దుబారా ఇలా మళ్ళీ మళ్ళీ చూడటమే.

నాకు పని నేర్పిన గురువుగారు కంప్యూటర్ రాకముందు రెండు టేపు డెక్కులతో మిక్సింగ్ చేసేవారు. ఒకదానిలోంచి చూసి ఇంకొకదానిలోకి ఎక్కించడం. ఆయన కుడిచేతి కింద టేపుని ముందుకీ వెనక్కీ నడిపే గుండ్రటి జాగ్ చక్రం ఉండేది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ టీవీ వైపు చూసేవారు తప్ప చక్రం వైపు చూసినట్టు నాకు గుర్తులేదు. "కన్ను బొమ్మ మీద ఉంచు నాయనా, చెయ్యి దాని పని అది చూసుకుంటుంది," అనేవారు. కంప్యూటర్ వచ్చాక మౌస్ పట్టుకున్న మొదటి ఏడాది ఆయన పని దెబ్బతింది. వయసు మీదపడిందన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన చేతిలోంచి చక్రం పోయి బాణం వచ్చిందని, కన్ను బొమ్మని వదిలి బాణం వెంట తిరగవలసి వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. ఇది ఆయన ఉండగా చెప్పగలిగి ఉంటే బాగుండేది.

మా ఊళ్ళో దీనికి పోలిక కోసం దూరం పోనక్కరలేదు. 1919లో పెట్టిన సంగీత కళాశాల పక్కనుంచి నడిస్తే వయొలిన్ మీద సరళీ వరుసలు వినిపిస్తాయి. వయొలిన్‌కి వీణలా మెట్లు ఉండవు. వేలు ఎక్కడ ఆనాలో చెవి చెప్పాలి. అక్కడ మొదటి రోజున ఎవరూ రాగాల పట్టిక గోడకి అంటించి పిల్లలకి అప్పజెప్పరు కదా. ఏడు స్వరాలు, వాటి వరుసలు, వేలు నొప్పిపుట్టేదాకా.

బ్లేడు సంగతి వచ్చింది గనుక నా పరువు తీసిన ఒక ముచ్చట చెబుతాను. సి మీట నొక్కితే బాణం బ్లేడుగా మారుతుంది, వి నొక్కితే మళ్ళీ బాణం. ఇవి కూడా షార్ట్‌కట్లే, పట్టికలో మొదటి వరుసలోనే ఉన్నాయి. చిక్కల్లా, బ్లేడులో ఉన్నానన్న సంగతి మరిచిపోవడం. ఒక రాత్రి మాంగల్యధారణ దగ్గర క్లిప్పుని ఎంచుకోబోయి క్లిక్ చేశాను. చేతిలో బ్లేడు ఉంది. పాత కోతకి ఒక్క ఫ్రేము పక్కన కొత్త కోత పడింది. తరువాత ఎప్పుడో ఆ సన్నని ముక్క కనబడితే చెత్త అనుకుని డిలీట్ కొట్టాను. అక్కడ ఒక ఫ్రేము ఖాళీ మిగిలింది. సెకనులో ఇరవై అయిదో వంతు నలుపు. నాకు కనబడలేదు. పెళ్ళికొడుకు తాతగారికి కనబడింది. "సరిగ్గా మూడుముళ్ళ వేళకి కరెంటు పోయిందా బాబూ? మాకు తెలియలేదే," అని ఆయన అడిగిన తీరులో వెటకారం ఏమీ లేదు, అదే నన్ను ఎక్కువ బాధించింది.

కట్, కాపీ, పేస్ట్ అన్న పద్ధతిని 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రూపుదిద్దినవాళ్ళలో లారీ టెస్లర్ ఒకడు. 2020లో పోయాడు. ఒకే చేష్ట ఒకప్పుడు ఒక పని, ఇంకొకప్పుడు ఇంకొక పని చేయడం, అంటే మోడ్‌లు, ఆయనకి గిట్టేవి కావు. కారు నంబరు పలక మీద కూడా మోడ్‌లు వద్దన్న అర్థం వచ్చేట్టు రాయించుకున్నాడు. సి మీట అచ్చంగా ఆయన తిట్టిన బాపతు. కంట్రోల్-కె అలా కాదు. ప్లేహెడ్ ఉన్న చోట కోసి ఊరుకుంటుంది, బాణం బాణంగానే ఉంటుంది. ఈ రెండూ పట్టికలో ఒకే రంగులో, ఒకే సైజులో పక్కపక్కనే ఉన్నాయి. ఏది కన్ను మీద భారం వేస్తుందో, ఏది వెయ్యదో పట్టిక చెప్పదు. అందుకే దానితో పేచీ.

ఎడమచేతి గొడవ కూడా ఉంది, దాన్ని త్వరగా దాటేస్తాను. జె, కె, ఎల్ కీబోర్డుకి కుడివైపు ఉంటాయి, మౌస్ కూడా కుడిచేతిలోనే ఉంటుంది. కంట్రోల్-ఆల్ట్-కె నొక్కితే తెరుచుకునే పలకలో వాటిని ఎ, ఎస్, డి మీటలకి మార్చుకున్నాను. క్యూ, డబ్ల్యూ వాటి నెత్తి మీదే ఉన్నాయి గనుక ఎడమచెయ్యి కదలదు. నష్టం ఏమిటంటే, ఇంకొకరి స్టూడియోకి వెళ్ళి కూర్చుంటే నేను వచ్చీరాని వాడిలా కనబడతాను. అది భరించవచ్చు.

భరించలేనిది ఇంకొకటి ఉంది. నా వాదానికి అది అడ్డు కూడా తగులుతుంది.

రెండేళ్ళ క్రితం పొందూరులో ఖద్దరు నూలు వడికే ఒక పెద్దావిడని కెమెరా ముందు కూర్చోబెట్టాను. అక్కడ కొండపత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు, దాని సన్నని పళ్ళే దువ్వెన. ఆవిడ ఆ ఎముకని పత్తి గింజ మీద దువ్వుతూ మాట్లాడింది. ఎన్నేళ్ళ నుంచి వడుకుతున్నారని అడిగాను. ఆవిడ దువ్వడం ఆపి, బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే ముడుతూ పోయింది. పెదవులు కదిలాయి, మాట లేదు. తొమ్మిది సెకన్లు. తరువాత "పెద్దోడు పుట్టక ముందు నుంచీ" అంది.

ఎడిట్ చేసేటప్పుడు మంచి ఊపులో ఉన్నాను. ఎల్ ఎల్, కె, క్యూ. ఎల్ ఎల్, కె, క్యూ. మాట లేని చోటల్లా ఎగిరిపోయింది. నలభై నిమిషాల మాటలు పన్నెండు నిమిషాలకి వచ్చాయి, గంటలోపల. నా ఇల్లాలికి చూపించాను. చూసి, "ఆవిడ పాఠం అప్పజెబుతున్నట్టుందేమండీ," అంది.

వెనక్కి వెళ్ళి చూశాను. ప్రశ్న, వెంటనే జవాబు. వేళ్ళ కణుపులు లేవు. ఏళ్ళ లెక్క అడిగితే ఆవిడ కొడుకు పుట్టుక ఎందుకు చెప్పిందో అర్థం కావడానికి ఆ తొమ్మిది సెకన్ల లెక్కింపు కనబడాలి. అంకె కోసం వెతికి, అంకె దొరక్క, తనకి తెలిసిన కొలతతో చెప్పింది. రెట్టింపు వేగంలో చూస్తున్న నాకు అది ఖాళీగా కనిపించింది. బ్లేడు తీసుకుని, గురిపెట్టి, 5.8 సెకన్లు ఖర్చుపెట్టి కొయ్యవలసి వచ్చి ఉంటే, బహుశా మధ్యలో ఎక్కడో చెయ్యి ఆగేది. సులువైన పని ఎక్కువసార్లు చేస్తాం, అవసరం లేకపోయినా చేస్తాం. క్యూ మీట నాకు కోయడం సులువు చేసింది, ఉంచడాన్ని సులువు చేసే మీట ఏదీ లేదు.

అందుకని క్యూ మానేశానా అంటే, లేదు. పెళ్ళిళ్ళకి అదే వాడతాను. మనుషులు కూర్చుని మాట్లాడే ఫుటేజీకి మాత్రం మొదటిసారి ఎమ్ మీట ఒక్కటే. నచ్చని చోట గుర్తు పెట్టడం, కోయకుండా చివరిదాకా చూడటం. రెండోసారి కోతలు. పని గంట ఎక్కువైంది. చూపు బొమ్మ మీద ఉండాలన్న మాట మీదే నిలబడ్డాను కాబట్టి దీన్ని ఓటమిగా లెక్కవెయ్యను. పొందూరు ఫుటేజీ మీద నా వేలు మీట మీదే ఉంది, చూపు కూడా తెర మీదే ఉంది. చూడటం ఒక్కటే లేదు.

కుర్రవాడు 112 నేర్చుకోలేదు. పదిహేను దాకా వచ్చి ఆగాడు, చెయ్యి బాగా సాగుతోంది. పట్టిక ఇంకా గోడ మీదే ఉంది, పోయిన మాఘమాసం నుంచి దానికి ఒక అదనపు వరుస కూడా చేరింది. వీడియోలో కనబడే పేర్లని వాడు ఇన్‌స్క్రిప్టు అనే తెలుగు కీబోర్డు అమరికలో టైపు చేస్తాడు. ఆ అమరికలో జె, కె, ఎల్ మీటలు ర, క, త. పెళ్ళికొడుకు పేరు టైపు చేసి, తెర మీద ఆ పేరు రాసే పెట్టెలోంచి బయటికి రాకుండా, అలవాటుగా ఎల్ నొక్కాడు. వీడియో నడవలేదు. మౌస్‌తో పక్కన క్లిక్ చేసి నడిపించుకున్నాడు, పని ముగించాడు, నేను పైపైన చూసి పంపించేశాను. మూడో రోజు పెళ్ళికొడుకు తల్లిగారు ఫోను చేశారు. రెండక్షరాల పేరు, చివర ఇకారం. దానికి ఒక "త" చేరింది.

"పెళ్ళికూతుళ్ళు ఇద్దరయ్యారేమిటి బాబూ," అన్నారావిడ. వెనకాల ఇంట్లోవాళ్ళందరూ నవ్వుతున్నారు.

లామినేషన్ మీద స్కెచ్ పెన్నుతో, ఎర్ర రంగులో, వాడి చేతిరాత: 113. పేరు రాశాక ముందు పెట్టెలోంచి బయటికి రావాలి.